తారీఖు లేని జ్ఞాపకం: పీటీఎస్‌డీ చికిత్సలో జరిగినదాన్ని మళ్లీ ఎందుకు చెప్పిస్తారు?

ఆశ్వయుజం వచ్చి సముద్రం వైపు నుంచి గాలి తిరిగిందంటే శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొన్ని ఇళ్లలో ఇప్పటికీ నిద్ర ఉండదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు, గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి ఏళ్ల తరబడి పెంచుకున్న కొబ్బరి, జీడి తోటలు ఒక్క పూటలో నేలకొరిగాయి. అంతకు నాలుగేళ్ల ముందు, అదే నెల 12న, విశాఖను తాకిన హుద్‌హుద్ విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలనూ వదల్లేదు. 2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రెండు ప్యాసింజర్ రైళ్లు ఢీకొన్నాయి. పడిన తోటల్లో మళ్లీ మొక్కలు నాటుకున్నారు, పట్టాలు బాగుచేశారు, పరిహారాల లెక్కలు రాశారు. ఆ రాత్రులను దాటి వచ్చిన మనుషుల లోపల మిగిలిపోయినదానికి మాత్రం ఏ రిజిస్టరులోనూ గడి లేదు.

మన వైపు పెద్దవాళ్లు దీన్ని జడుపు అంటారు. పిల్లవాడు ఉలిక్కిపడి లేస్తుంటే జడుసుకున్నాడని తాయెత్తు కట్టిస్తారు. ఆ మాటలో ఒక నిజమైన పరిశీలన ఉందని నేను అనుకుంటాను: భయపెట్టిన సంగతి బయట ముగిసిపోయినా, భయం మనిషిలోనే ఉండిపోయిందని ఆ మాట గుర్తించింది. వైద్యశాస్త్రం ఈ స్థితిని పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, క్లుప్తంగా పీటీఎస్‌డీ, అనే పేరుతో 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వర్గీకరణ గ్రంథం మూడో కూర్పులో చేర్చింది. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ, ఐసీడీ-11, దీని లక్షణాలను మూడు ముఖ్యమైన గుంపులుగా చెబుతుంది: జరిగిపోయిన ఘటన ఇప్పుడే జరుగుతున్నట్టు మళ్లీ మళ్లీ అనుభవానికి రావడం, దాన్ని గుర్తుచేసేవాటి నుంచి తప్పించుకు తిరగడం, ఆపద ఇంకా పొంచే ఉందన్నట్టు ఎప్పుడూ అప్రమత్తంగా ఉండడం. ఇవి కొన్ని వారాలైనా కొనసాగి, మనిషి రోజువారీ జీవితాన్ని దెబ్బతీస్తేనే ఆ పేరు పెడతారు. ప్రపంచ జనాభాలో దాదాపు 70 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి ఘోరాన్ని ఎదుర్కొంటారనీ, వారిలో 5.6 శాతం మందికే పీటీఎస్‌డీ వస్తుందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అంటే ఎక్కువ మంది అయినవాళ్ల అండతో కాలక్రమంలో కోలుకుంటారు. ఈ వ్యాసం అలా కోలుకోలేకపోయిన వారికి జరిగే చికిత్స గురించి.

విషయం తేటపడడానికి ఒక మనిషిని ఉదాహరణగా పెట్టుకుంటాను. ఈయన ఫలానా ఊరి ఫలానా వ్యక్తి కాదు, చికిత్సలో సాధారణంగా జరిగేదాన్ని చూపడానికి ఊహించుకున్న మనిషి. కవిటి వైపు ఎకరన్నర కొబ్బరి తోట ఉన్న రైతు. తుపాను రాత్రి సాలలో ఆవు అరుస్తుంటే పలుపు విప్పడానికి తమ్ముడు వెళ్లాడు, కొబ్బరి చెట్టు విరిగి సాల మీద పడింది, తమ్ముడు చనిపోయాడు. ఏళ్లు గడిచాయి. ఫ్యాను వేగంగా తిరిగితే ఆయనకు గుండె దడదడలాడుతుంది. లారీ నుంచి కాయలు గుమ్మరించిన చప్పుడుకు ఒళ్లంతా చెమట పడుతుంది. తడి మట్టి, నలిగిన కొబ్బరాకు వాసన కలిసి వస్తే అక్కడ నిలబడలేడు. తోటను కౌలుకిచ్చేశాడు. ‘ఆడిని నానే అంపినాను’ అన్న ఒక్క మాట తప్ప తమ్ముడి గురించి ఇంకేమీ మాట్లాడడు.

ఆయన బాధ ఆ రాత్రి గుర్తుండడం వల్లనే కలిగిందని పైకి అనిపిస్తుంది. అందుకే ఇంట్లోవాళ్లు ‘ఒగ్గీ నాయనా, తల్చుకోకు’ అంటారు. కానీ ఆయన తండ్రి చావు కూడా ఆయనకు గుర్తుంది, అది తలచుకుంటే ఏడుపొస్తుంది, ఆ ఏడుపులో ‘అది ఫలానా ఏడు, నేను అప్పుడు డిగ్రీ చదువుతున్నాను’ అన్న స్పృహ ఉంటుంది. తుపాను రాత్రి జ్ఞాపకానికి లేనిది సరిగ్గా ఆ స్పృహే. దానికి తారీఖు లేదు. అది వచ్చినప్పుడు గడిచిన సంగతిగా రాదు, చప్పుడుగా, వాసనగా, గుండెదడగా, ఈ క్షణపు ఆపదగా వస్తుంది.

ఇలా ఎందుకవుతుందో వివరించే ప్రధాన సిద్ధాంతాలు ఇంచుమించు ఒకే దిశగా చూపుతాయి. ప్రాణభయంలో మనిషి దృష్టి కుంచించుకుపోతుంది. మెదడులో భయానికి స్పందించే భాగం, అమిగ్డాలా, ఉధృతంగా పనిచేస్తుంది, చప్పుడు, వాసన, వెలుగు బలంగా ముద్రపడతాయి. ఒక అనుభవాన్ని ఎక్కడ, ఎప్పుడు, దేని తర్వాత ఏది అన్న వరుసలో కూర్చడానికి ముఖ్యమైన మరో మెదడు భాగం, హిప్పోకాంపస్, ఆ పనిని ఎప్పటిలా చేయలేకపోతుంది. ముద్రలు గట్టివి, వాటిని కట్టి ఉంచే వరుస బలహీనం. పీటీఎస్‌డీలో ‘ఇప్పుడే ఆపద ఉంది’ అన్న భావన ఎందుకు తగ్గదో వివరిస్తూ 2000లో ఆంకే ఏలర్స్, డేవిడ్ క్లార్క్ ప్రతిపాదించిన నమూనా ఇక్కడి నుంచే మొదలవుతుంది: జ్ఞాపకం ముక్కలుగా ఉంది, ఆ ముక్కలకు మనిషి చెప్పుకున్న అర్థం ఘోరంగా ఉంది, ఆ రెంటినీ సరిదిద్దే అవకాశాన్ని తప్పించుకు తిరగడం మూసేస్తోంది.

ఆ మూడోది మన ఇళ్లలో ప్రేమతోనే జరుగుతుంది, కాబట్టి దాని గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఆ రైతు తోట వైపు వెళ్లబోయి, గుండె దడ మొదలుకాగానే వెనక్కి తిరుగుతాడు. వెంటనే దడ తగ్గుతుంది. శరీరం అందులోంచి నేర్చుకునే పాఠం ‘వెనక్కి వచ్చాను కనుక బతికాను’ అని. అక్కడే నిలబడి ఉంటే ఏమీ జరిగేది కాదన్న సంగతి దానికి తెలిసే వీలే లేకుండా పోయింది. భార్య ఇంట్లో ఫ్యాను రెండో నంబరు దాటనివ్వదు, పిల్లలు బాబాయి ఫొటో తీసి బీరువాలో పెట్టేస్తారు, చుట్టాలు ఆ మాట ఎత్తరు. ఇవన్నీ ఆయన్ను కాపాడాలన్న తపనతో చేసినవే. ఒక్కొక్కటీ ఆ పూట ఆయనకు ఊరటనిస్తుంది, ఆ భయానికి ఇంకో ఏడాది ఆయుష్షు పోస్తుంది.

ఇక్కడ ఒక న్యాయమైన సందేహం వస్తుంది. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లూ ‘ఎలా జరిగింది బాబూ’ అని అడిగే ఊళ్లో ఆయన ఈ కథ వంద సార్లు చెప్పే ఉంటాడు కదా, చెప్పడం వల్ల తగ్గేదైతే ఎప్పుడో తగ్గాలి కదా? నిజమే, మొదట్లో చెప్పాడు. కానీ పరామర్శలో చెప్పేది వార్త. ‘చెట్టు పడింది, తమ్ముడు పోయాడు, తెల్లారాక బయటికి తీశాం’ అని మూడు ముక్కల్లో ముగుస్తుంది. కఠినమైన క్షణం దగ్గరకు వచ్చేసరికి చెప్పేవాడి గొంతు పూడుకుపోతుంది, వినేవాళ్లు ‘ఊరుకో’ అని భుజం తడతారు, కథ అక్కడి నుంచి తెల్లారికి దూకేస్తుంది. అలా దూకేయడమే వంద సార్లు జరిగి గట్టిపడుతుంది. మైకు పట్టుకుని వచ్చినవారికి చెప్పినప్పుడూ అంతే. ఆ నడుమనున్న రెండు మూడు నిమిషాల్లోకి, తోడుగా ఒకరుండగా, ఏ తొందరా లేకుండా ప్రవేశించడం ఒక్కసారి కూడా జరగలేదు. థెరపీ చేసే పని అది.

ఈ పని మీద ఎక్కువ పరిశోధన జరిగిన పద్ధతుల్లో ఒకటి ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఎడ్నా ఫోవా, ఆమె సహచరులు దీన్ని రూపొందించారు. సాధారణంగా 8 నుంచి 15 సెషన్లు, ఒక్కొక్కటి గంట నుంచి గంటన్నర. మొదటి ఒకటి రెండు సెషన్లలో మనసుకు తగిలిన గాయం జోలికి పోరు. ఇప్పటిదాకా పైన చెప్పిన వివరణే మనిషికి తన భాషలో చెబుతారు, ఆయన తప్పించుకు తిరుగుతున్నవాటి పట్టిక ఆయన చేతే వేయిస్తారు, ప్రతిదానికీ ఎంత బాధ కలుగుతుందో సున్నా నుంచి వంద వరకు అంకె వేయమంటారు. తమ్ముడి ఫొటో చూడడం 40, ఫ్యాను నాలుగో నంబరు మీద పెట్టి పడుకోవడం 55, పగటిపూట తోటలో అరగంట ఉండడం 70, సాల ఉన్న చోటు 95. ఇంటి దగ్గర చేసే అభ్యాసం కింది అంకెల నుంచి మొదలై మెల్లగా పైకి పోతుంది. ఆ పట్టికలో ఉండదగినవి నిజానికి ప్రమాదం లేనివి మాత్రమే. తుపాను హెచ్చరిక ఉన్న రోజున తోటలోకి వెళ్లమని ఏ థెరపిస్టూ చెప్పకూడదు.

ఆ తర్వాత జ్ఞాపకం దగ్గరకు వస్తారు. కళ్లు మూసుకుని, ఇప్పుడు జరుగుతున్నట్టుగా, వర్తమానకాలంలో చెప్పమంటారు. మన రైతు తనకు వచ్చిన యాసలోనే చెబుతాడు, చెప్పాలి కూడా, ఎందుకంటే ఆ రాత్రి జరిగింది ఆ భాషలోనే. ‘గాలి హోరెత్తిపోతంది. సాలలో ఆవు అరుస్తంది. పలుపు ఇప్పేసి బేగొచ్చీరా అంటన్నాను.’ ఆ వెంటనే, ‘తెల్లారింది.’ థెరపిస్టు ఖండించడు, ఓదార్చడు. మళ్లీ మొదటి నుంచి చెప్పమంటాడు. మధ్యమధ్య ఒకటే చిన్న ప్రశ్న: ‘ఇప్పుడు ఏం వినిపిస్తోంది? బాధ ఎంత ఉంది?’ అరగంట, ముప్పావు గంట ఇలా సాగుతుంది. దాన్ని రికార్డు చేసి ఇస్తారు, ఇంటి దగ్గర రోజూ ఒకసారి వినమంటారు. మొదటి వారం ఇది కష్టంగానే ఉంటుంది, కొందరికి పీడకలలు కొన్నాళ్లు పెరుగుతాయి, ఈ సంగతి ముందే చెప్పని థెరపిస్టు తన పని సరిగా చేయనట్టే.

మూడో సారికో నాలుగో సారికో ఆ దూకేసిన చోట కథ నెమ్మదిస్తుంది. ఆయన ఆ గుమ్మం దగ్గర కాసేపు నిలబడగలుగుతాడు. తమ్ముడి చేతిలో టార్చిలైటు ఉంది. తను ‘బేగొచ్చీరా’ అనే సరికే తమ్ముడు గుమ్మం దిగి ఉన్నాడు. ఆవు అరుపు విని లేచింది తమ్ముడే. ఇవేవీ ఆయనకు తెలియనివి కావు, ఎన్నడూ అక్కడ ఆగి చూడనివి. కళ్లు తెరిచాక మిగతా పావుగంటలో థెరపిస్టు అడిగేది చాలా చిన్న మాట: ‘చెట్టు పడుతుందని మీకు అప్పుడు తెలుసా, ఇప్పుడు తెలుసా?’ ఏళ్లుగా మోస్తున్న ‘నానే అంపినాను’ అన్న వాక్యం, ఇప్పటి తెలివిని అప్పటి చీకట్లోకి మోసుకెళ్లి తనను తాను దోషిగా నిలబెట్టినదని ఆయనకు ఆయనే గ్రహించాల్సిన చోటు అది. థెరపిస్టు నోటితో ‘నీ తప్పేం లేదయ్యా’ అనడం సులువు. ఆ మాట ఊరంతా ఇప్పటికే అంది, పనిచేయలేదు.

ఒక హెచ్చరిక ఇక్కడే చేయాలి. జ్ఞాపకం వీడియో కాదు, పిలిచిన ప్రతిసారీ కొంత కొత్తగా అల్లుకుంటుంది. 1995లో మనస్తత్వ పరిశోధకులు ఎలిజబెత్ లాఫ్టస్, జాక్విలిన్ పిక్రెల్ ప్రచురించిన ప్రయోగంలో, చిన్నప్పుడు దుకాణ సముదాయంలో తప్పిపోయారన్న కల్పిత కథను ఇంటివాళ్ల మాటగా చెబితే 24 మందిలో దాదాపు నాలుగో వంతు మంది అది తమకు పూర్తిగానో కొంతగానో గుర్తుందన్నారు. అందువల్ల మంచి థెరపిస్టు వివరాలు అందించడు, ‘అప్పుడు తమ్ముడు ఇలా అన్నాడేమో’ అని సూచించడు, గుర్తులేని ఘోరాన్ని తవ్వి తీస్తానని హిప్నాటిజం పేరు చెప్పి డబ్బు తీసుకోడు. మనిషికి గుర్తున్న, తప్పించుకోలేకపోతున్న జ్ఞాపకంతోనే ఈ చికిత్స పనిచేస్తుంది.

అందరూ జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పి తీరాలా? అక్కర్లేదు. పట్రీషియా రీసిక్ రూపొందించిన కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ సాధారణంగా 12 సెషన్లలో ముగుస్తుంది. మొదట్లో అందులో ఘటనను వివరంగా రాయించేవారు. 2008లో ప్రచురించిన పరిశోధనలో ఆ రాత భాగం తీసేసినా ఫలితం తగ్గలేదని తేలింది. ఈ పద్ధతి, ఘటన తర్వాత మనసు ఎక్కడ ఇరుక్కుపోయిందో ఆ వాక్యాలను పట్టుకుంటుంది. మన సమాజంలో అలాంటి వాక్యాలకు కొదవ లేదు. ‘ఏ జన్మలో ఏ పాపం చేశామో’ అన్నది వినడానికి దుఃఖపు మాటే, కానీ మంచివారికి మంచే జరగాలన్న లెక్కను కాపాడుకోవడానికి మనిషి తనను తాను చెడ్డవాడిగా రాసుకుంటున్నాడన్న సంగతి అందులో ఉంది. భర్త పోయిన స్త్రీని ‘కాలు పెట్టిన వేళ’ అనే ఊళ్లో, అత్యాచారానికి గురైన అమ్మాయిని ‘ఆ వేళప్పుడు అక్కడికెందుకెళ్లావు’ అనే ఇంట్లో ఆ వాక్యాలు ఆమె సొంతంగా తయారుచేసుకున్నవి కావు, మనం చేతికిచ్చినవి. వాటికి ఆధారమేమిటో ఒక్కొక్కటిగా కాగితం మీద పెట్టి తూచడం ఈ చికిత్సలోని రోజువారీ పని. కుటుంబం మారకుండా ఈ తూకం నిలబడడం కష్టమని నా అభిప్రాయం.

ఫ్రాన్సీన్ షపీరో 1987లో మొదలుపెట్టిన ఐ మూవ్‌మెంట్ డీసెన్సిటైజేషన్ అండ్ రీప్రాసెసింగ్, క్లుప్తంగా ఈఎండీఆర్, అనే పద్ధతిలో జ్ఞాపకాన్ని మనసులో ఉంచుకుంటూనే థెరపిస్టు వేళ్ల కదలికను కళ్లతో అనుసరిస్తారు. ఫలితం ఉందన్నది స్థిరపడింది, అందులో కళ్ల కదలిక వాటా ఎంతన్నదే చర్చ. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు దీన్నీ, గాయం మీద దృష్టి పెట్టి ఆలోచనల, ప్రవర్తనల మీద పనిచేసే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీనీ సిఫారసు చేశాయి.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం నెరేటివ్ ఎక్స్‌పోజర్ థెరపీ. జర్మనీలోని కాన్‌స్టాంజ్‌లో షావర్, నోయ్‌నర్, ఎల్బర్ట్ దీన్ని యుద్ధాల్లో ఒకదాని మీద ఒకటిగా దెబ్బలు తిన్నవారి కోసం తయారుచేశారు. నేల మీద ఒక తాడు పరుస్తారు. ఆ తాడే జీవితం. పుట్టినప్పటి నుంచి వరుసగా మంచి జరిగిన చోట పువ్వు పెడతారు, ఘోరం జరిగిన చోట రాయి పెడతారు. ఆ తర్వాత ఒక్కో రాయి దగ్గరా ఆగి, అది ఏ ఏడు, ఏ ఊరు, ముందు ఏమిటి, తర్వాత ఏమిటి అని వివరంగా చెప్పించి రాస్తారు, రాసింది మళ్లీ చదివి వినిపిస్తారు. జ్ఞాపకానికి తారీఖు వేయడమంటే ఏమిటో ఇంతకంటే కళ్లకు కట్టినట్టు చూపే పద్ధతి నాకు తెలియదు. ఉగాండాలోని శరణార్థి శిబిరంలో, డిగ్రీలు లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి దీన్ని చేయించినప్పుడు కూడా ఫలితం కనిపించింది. హుద్‌హుద్, తిత్లీ రెండూ చూసి, ఉద్దానపు కిడ్నీ జబ్బుకు మనుషుల్ని పోగొట్టుకున్న కుటుంబాల ముందు ఒక కొబ్బరి తాడు పరిస్తే ఎన్ని రాళ్లు పడతాయో ఆలోచించండి. క్లినికల్ సైకాలజిస్టులు కరువైన జిల్లాలకు ఈ దారి పరిశీలించదగినది.

వేళ కాని వేళ చేసే చికిత్స హాని చేస్తుంది. ప్రమాదం జరిగిన రెండు మూడు రోజుల్లోనే బాధితులందర్నీ కూర్చోబెట్టి జరిగిందంతా ఒకేసారి కక్కించే పద్ధతి ఒకప్పుడు ప్రచారంలో ఉండేది. అది పీటీఎస్‌డీని నివారించదనీ, కొందరికి నష్టం చేయవచ్చనీ తేలింది. ఆ రోజుల్లో కావలసింది నీడ, తిండి, ఆప్తుల ఆచూకీ, మాట్లాడాలనుకుంటే వినే మనిషి. నిద్ర పట్టడం లేదని ఆల్‌ప్రాజోలం వంటి మత్తు మాత్రలు అలవాటు చేయడం కూడా మంచిది కాదు, మొదటి నెలలో వాటిని ఇవ్వవద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఇప్పటికే వాడుతున్నవారు మాత్రం డాక్టరును అడగకుండా ఒక్కసారిగా ఆపకూడదు. సెర్ట్రలిన్ వంటి, దిగులుకూ వాడే మందులు లక్షణాలను తగ్గించగలవు, కొందరికి థెరపీ మొదలుపెట్టే ఓపికనిస్తాయి. ఆత్మహత్య ఆలోచనలు బలంగా ఉన్నవారికి ముందు ప్రాణరక్షణ. కొట్టే భర్తతోనే ఇంకా కాపురం చేస్తున్న స్త్రీకి ముందు భద్రత, ఎందుకంటే ఆమె భయం జ్ఞాపకం కాదు, ఇవాళ్టి నిజం. మద్యానికి బానిసైనవారికి రెండు చికిత్సలూ జోడించి చేయవచ్చు. చెబుతూ చెబుతూ చూపు ఎక్కడికో పోయి, పిలిచినా పలకని స్థితికి వెళ్లేవారి విషయంలో థెరపిస్టు కథ ఆపి, కళ్లు తెరిపించి, పాదాలు నేలకు తాకించి, ఈ గది, ఈ రోజు గుర్తుచేసి, ఆ తర్వాతే ముందుకు వెళ్తాడు. ఇంత చేసినా అందరికీ నయం కాదు, మధ్యలో మానేసేవారూ ఉంటారు.

ఎక్కడికి వెళ్లాలి అంటే, 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్‌కు 14416 నంబరులో ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు. శ్రీకాకుళం రిమ్స్, విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయం అందుబాటులో ఉన్నాయి. చెప్పినది గోప్యంగా ఉంచాలని కోరే హక్కును 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చింది. పల్లెల్లో ఇది చిన్న హక్కు కాదు. ‘పిచ్చాసుపత్రికి వెళ్లాడట’ అన్న మాట భయానికే ఎందరో ఆగిపోతున్నారు. వెళ్లినచోట మొహమాటపడకుండా అడగవలసినవి మూడు: గాయపు జ్ఞాపకం మీద పనిచేసే ఏ పద్ధతిలో మీకు శిక్షణ ఉంది, సుమారు ఎన్ని సెషన్లు పడుతుంది, నాకు భరించడం కష్టమైతే ఏం చేస్తారు.

పని పూర్తయిందని ఎలా తెలుస్తుంది? కన్నీళ్లు ఆగడం గుర్తు కాదు. ఆ రైతు చెప్పే క్రియాపదాలు మారతాయి. చెట్టు ‘పడతంది’ అన్నవాడు ‘పడింది’ అంటాడు. గాలి మొదలైన రాత్రి లేచి కిటికీ గడియ పెట్టి, కాసేపు కూర్చుని, మళ్లీ పడుకుంటాడు. అన్నిటికంటే నాకు ముఖ్యంగా తోచేది ఇంకొకటి. ఇన్నేళ్లూ ఆ ఆఖరి నిమిషం గుమ్మానికి అడ్డంగా నిలబడి, తమ్ముడి తాలూకు మిగతా ముప్పై ఏళ్లను లోపలే ఉంచేసింది. అది పక్కకు జరిగాక ఒక రోజు భోజనాల దగ్గర, ఎవరూ అడగకుండానే, ఆయన పిల్లలకు చెబుతాడు: మీ బాబాయి కాయ దింపడానికి చెట్టెక్కితే కిందనున్న మాకు పైనుంచి పాట వినిపించేది, పాట ఆగిందంటే కాయ పడబోతోందని మేం పక్కకు తప్పుకునేవాళ్లం.